సర్వర్‌లో ముందే ఉన్న నాలుగు పనిముట్లు: షెల్, ఆక్, పెర్ల్, పైథాన్‌లపై ఒక అడ్మిన్ సమీక్ష

కొత్తగా సిస్టమ్ అడ్మిన్‌గా చేరినవారు మొదటి నెల తిరగకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: రోజువారీ పనులకు స్క్రిప్టులు దేనితో రాయాలి? షెల్ ఒక్కటే చాలా, ఆక్ కూడా రావాలా, పెర్ల్‌కు కాలం చెల్లిందా, అన్నీ పైథాన్‌లోనే రాసేస్తే పోదా? హైదరాబాద్‌లో డెబియన్, రెడ్ హ్యాట్ లినక్స్ సర్వర్లను చూసుకుంటూ ఈ నాలుగింటితోనూ ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నాలుగూ ఉచితంగా దొరికేవే, చాలా మెషీన్లలో ముందే ఉండేవే కాబట్టి ధరల పోలికకు ఇక్కడ పని లేదు. వేగం పోలిక ఉంది, కానీ స్క్రిప్టు ఎన్ని సెకన్లలో పూర్తయిందన్నది నా దృష్టిలో రెండో లెక్క. ఆ స్క్రిప్టును అంతకుముందు ఎన్నడూ చూడని మనిషి, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి కూర్చుని, ఆ సర్వర్‌లో ఉన్న సరంజామాతోనే దాన్ని చదివి తప్పెక్కడుందో పట్టుకోగలడా లేడా అన్నదే మొదటి లెక్క.

ముందుగా షెల్, అంటే మనం టైపు చేసే కమాండ్లను నడిపించే ప్రోగ్రాం సంగతి. 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్ వ్యాకరణమే చిన్నచిన్న చేర్పులతో నేటికీ నడుస్తోంది. 1989లో బ్రయన్ ఫాక్స్ విడుదల చేసిన బ్యాష్, డెబియన్ కుటుంబంలో కనిపించే డ్యాష్, ఆల్పైన్ కంటైనర్లలో బిజీబాక్స్‌తో వచ్చే ఆష్, అన్నీ ఆ వంశానివే. కమాండ్లను వరుసగా నడిపించడం, ఒకదాని అవుట్‌పుట్‌ను పైపుతో మరొకదానికి అందించడం, ఫైళ్లను దారి మళ్లించడం అనే మూడు పనుల్లో దీనికి సాటి వచ్చేది మిగిలిన మూడింటిలో ఏదీ లేదు. సర్వీసును ఆపి, డైరెక్టరీని కాపీ చేసి, ఓనర్‌ను మార్చి, మళ్లీ సర్వీసును లేపే పదిహేను లైన్ల పనిని పైథాన్‌లో రాసి చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది: అసలు పని కంటే సబ్‌ప్రాసెస్ పిలుపుల తతంగమే ఎక్కువవుతుంది.

అయితే షెల్‌లో తప్పు జరిగినప్పుడు అది గట్టిగా అరవదు, నిశ్శబ్దంగా ముందుకు సాగిపోతుంది. ఇది నా అనుభవంలో ఎంత దూరం వెళ్లిందో కొంచెం వివరంగా చెప్పాలి. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో పాత లాగ్ ఫైళ్లను తుడిచే బ్యాష్ స్క్రిప్టు ఒకటి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) క్రాన్‌లో, అంటే నిర్ణీత సమయాలకు పనులు నడిపే వ్యవస్థలో, రోజూ నడిచేది. లాగ్ డైరెక్టరీ పేరును అది ఒక షేర్డ్ మౌంట్‌లో ఉన్న సెట్టింగుల ఫైలు నుంచి తీసుకుని, ఆ డైరెక్టరీలోకి సీడీ కమాండ్‌తో వెళ్లి, అక్కడి నుంచి ఫైండ్ కమాండ్‌తో ముప్పై రోజులు దాటిన ఫైళ్లను తొలగించేది. ఒక శనివారం రాత్రి ప్యాచింగ్ కోసం సర్వర్లన్నింటినీ రీబూట్ చేశాము. షేర్డ్ మౌంట్ ఆలస్యంగా వచ్చింది, సెట్టింగుల ఫైలు దొరకలేదు, డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉండిపోయింది. వెళ్లాల్సిన చోటు చెప్పకుండా సీడీ అంటే షెల్ తిన్నగా హోమ్ డైరెక్టరీకి వెళ్తుంది. రూట్ క్రాన్‌కు హోమ్ అంటే రూట్ హోమే. ముప్పై రోజులు దాటిన ఫైళ్లు అక్కడ ఏముంటాయి? బ్యాష్ సెట్టింగులు, పాత నోట్సు, వాటితో పాటు మేమందరం లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కీల జాబితా. ఆదివారం తెల్లవారుజామున జూనియర్ ఒకరు ఫోన్ చేసి, “అన్నా, ఒక్క సర్వర్‌లోకీ లాగిన్ అవ్వట్లేదు, నా కీ తీసుకోవట్లేదు” అన్నప్పుడు, హ్యాకింగ్ జరిగిందేమోనని గంటసేపు దాని వెనకే పరుగెత్తాము. చివరికి కన్సోల్ నుంచి పాస్‌వర్డ్‌తో ఒక్కొక్క మెషీన్‌లోకి వెళ్లి బ్యాకప్ నుంచి ఆ ఫైలును తిరిగి పెట్టవలసి వచ్చింది.

ఈ ప్రమాదంలో నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే అంశాలు రెండున్నాయి. మొదటిది, చుక్క కమాండ్‌తో చదవమన్న ఫైలు దొరకకపోతే పోసిక్స్ అనే, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం ప్రకారం స్క్రిప్టు అక్కడికక్కడే ఆగిపోవాలి, డ్యాష్ అలాగే ఆగుతుంది. బ్యాష్ తన సొంత పద్ధతిలో నడుస్తున్నప్పుడు మాత్రం ఒక ఎర్రర్ లైన్ రాసి ముందుకు వెళ్లిపోతుంది. అంటే ఆ స్క్రిప్టు మొదటి లైన్‌లో బ్యాష్‌కు బదులు మామూలు షెల్ పేరు ఉండి ఉంటే ఏ నష్టమూ జరిగేది కాదు. రెండోది, వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాలి, సీడీ విఫలమైతే బయటకు వచ్చేయాలి అని అందరూ చెప్పే సలహాలు ఇక్కడ పనికి వచ్చేవి కావు. కోట్స్‌లో ఖాళీ పేరు ఇచ్చినా మేము వాడుతున్న బ్యాష్‌లో సీడీ విజయవంతమైనట్టే చెప్పి, ఉన్నచోటే ఉండిపోయేది, క్రాన్ మొదలయ్యేదే హోమ్ డైరెక్టరీలో. బ్యాష్‌లోనే ఉంటూ కాపాడగలిగిన రాతలు వేరే ఉన్నాయి: విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడితే స్క్రిప్టు ఆగిపోయేలా చేసే సెట్ మైనస్ యూ, లేదా వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం చేర్చి, ఖాళీగా ఉన్నా సరే ఆగిపొమ్మని చెప్పే రాత.

పైపులోనూ ఇలాంటి మౌనమే ఉంది. డేటాబేస్ డంప్‌ను జీజిప్‌కు పైపు చేసి బ్యాకప్ ఫైలుగా రాసే లైన్ దాదాపు ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తుంది. డిఫాల్ట్‌గా షెల్ పైపులోని చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. డంప్ మొదట్లోనే విఫలమైనా జీజిప్ తనకు అందిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, సరిగ్గా 20 బైట్ల ఫైలును తయారుచేసి, పని పూర్తయిందని చెబుతుంది. అందుకే కొత్త చోట చేరిన మొదటి రోజు నేను బ్యాకప్ డైరెక్టరీలో 20 బైట్ల ఫైళ్లున్నాయా అని వెతుకుతాను, ఇది చాదస్తమని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. దీనికి మందు పైప్‌ఫెయిల్ అనే సెట్టింగు. ఇది బ్యాష్‌లో ఎప్పటి నుంచో ఉన్నా, పోసిక్స్ ప్రమాణంలోకి 2024 కూర్పులో గానీ రాలేదు కాబట్టి పాత డ్యాష్‌లలో దాన్ని ఆశించకూడదు.

షెల్ లెక్కల విషయమూ ఇంతే. బ్యాష్‌కు పూర్ణాంకాలే తెలుసు, దశాంశాలు తెలియవు. పైగా సున్నాతో మొదలయ్యే అంకెను అది అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. నెల సంఖ్యను డేట్ కమాండ్ నుంచి తీసుకుని దానికి ఒకటి కలిపే స్క్రిప్టు జనవరి నుంచి జులై దాకా ఏ లోపమూ లేకుండా నడిచి, ఆగస్టు ఒకటో తేదీన 08 అనే అంకెను చూసి పడిపోతుంది, ఎందుకంటే అష్టాంశ పద్ధతిలో ఎనిమిది అనే అంకే లేదు. సెప్టెంబర్‌లోనూ అదే గతి. అక్టోబర్ రాగానే దానంతట అదే బాగుపడుతుంది, చూసేవారేమో సమస్య తీరిపోయిందని టికెట్ మూసేస్తారు. అంకెకు ముందు పది, హ్యాష్ గుర్తు చేర్చి ఇది దశాంశ పద్ధతి అని చెబితే చాలు, కానీ ఆ సంగతి తెలియాలి కదా.

ఇలాంటి గుంటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోవడం మనిషి పని కాదు, దానికి షెల్‌చెక్ ఉంది. విదార్ హోలెన్ హాస్కెల్‌లో రాసిన ఈ ఉచిత ప్రోగ్రాం మీ స్క్రిప్టును చదివి, ఎక్కడ కోట్స్ మరిచిపోయారో, ఎక్కడ సీడీ విఫలమైతే పట్టించుకోలేదో, మొదటి లైన్‌లో మామూలు షెల్ అని రాసి లోపల బ్యాష్‌కే చెల్లే రాతలు ఎక్కడ వాడారో లైన్ నంబరుతో సహా చూపిస్తుంది. ఈ సమీక్షలో నేను ఏ సందేహమూ లేకుండా సిఫారసు చేసేది ఇదొక్కటే. పైన చెప్పిన మా లాగ్ స్క్రిప్టును తర్వాత దానికిచ్చి చూస్తే సీడీ లైన్ మీద వెంటనే హెచ్చరికలు వచ్చాయి. అయితే అది సూచించిన దిద్దుబాట్లను యథాతథంగా చేసి ఊరుకుంటే ప్రమాదం తప్పేది కాదని ఇందాకే చెప్పాను. అది వేలు పెట్టి చూపిస్తుంది, ఆలోచించాల్సింది మాత్రం మనమే.

ఏ షెల్‌కు రాయాలన్నది మరో చిక్కు. ఉబుంటు 2006లో వచ్చిన 6.10 నుంచి మామూలు షెల్ స్థానంలో డ్యాష్‌ను పెట్టింది, తర్వాత డెబియన్ కూడా అదే దారి పట్టింది. రెడ్ హ్యాట్‌లో ఆ పేరుతో పిలిచినా వచ్చేది బ్యాషే. యాపిల్ వారి మ్యాక్‌లో బ్యాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే ఆ తర్వాతి వెర్షన్ల లైసెన్సు మారింది. 2019 నుంచి అక్కడ డిఫాల్ట్ షెల్ జడ్‌ఎస్‌హెచ్. బ్యాష్ 4తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలను (పేర్లతో వెతికే జాబితాలను) వాడిన స్క్రిప్టు డెవలపర్ మ్యాక్‌లో నడవదు, ఫైళ్లలో మాటలు మార్చే సెడ్ కమాండ్‌కు ఉన్న మైనస్ ఐ ఆప్షన్ కూడా మ్యాక్‌లో ఒక తీరుగా, లినక్స్‌లో మరో తీరుగా రాయాలి. సగం మంది మ్యాక్ వాడుతూ, సర్వర్లన్నీ లినక్స్‌లో ఉండే ఆఫీసుల్లో ఈ రెండింటి వల్ల పోయే సమయం తక్కువేమీ కాదు. నా పద్ధతి సాధారణ షెల్‌కే రాయడం, అర్రేలు అవసరమైన క్షణంలో షెల్‌ను వదిలేయడం.

ఇక ఆక్. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో పుట్టిన ఈ చిన్న భాషకు దక్కాల్సినంత గౌరవం మన దగ్గర దక్కలేదని నా అభిప్రాయం. ఎక్కువమందికి ఇది రెండో కాలమ్‌ను ముద్రించే కమాండ్‌గా మాత్రమే తెలుసు. నిజానికి ఇది వేరియబుళ్లు, షరతులు, దశాంశ లెక్కలు, పేర్లతో వెతికే అర్రేలు ఉన్న పూర్తి భాష. వరుసలు, కాలమ్‌లుగా ఉన్న దేన్నైనా ఒకేసారి మొదటి నుంచి చివరి దాకా చదువుతూ లెక్కలు వేయడంలో దీనికి ఎదురులేదు.

షెల్ లూప్‌తో పోలిస్తే తేడా ఎంతో చిన్న గుణకారంతో చూడవచ్చు. ఇరవై లక్షల లైన్ల లాగ్‌ను షెల్‌లో వైల్, రీడ్ జతతో చదువుతూ, ప్రతి లైన్‌కూ కట్ కమాండ్‌ను పిలిచి ఒక కాలమ్ తీశారనుకుందాం. ప్రతి పిలుపుకూ కెర్నెల్ కొత్త ప్రాసెస్‌ను పుట్టించాలి. ఒక్కోదానికి ఒక్క మిల్లీసెకనే పడుతుందని ఉదారంగా లెక్కేసినా రెండు వేల సెకన్లు, అంటే అరగంట దాటుతుంది. ఆక్‌లో అదే పనికి ఒకే ప్రాసెస్ ఫైలు మొత్తాన్ని చదువుతుంది, సెకన్లలో ముగిస్తుంది. షెల్ నెమ్మది అని మనం తిట్టేది చాలాసార్లు షెల్‌ను కాదు, లూప్ లోపల మనం లక్షలసార్లు పుట్టించి చంపుతున్న ప్రాసెస్‌లను.

వెబ్ సర్వర్ లాగ్‌తో ఆక్ బలం, బలహీనత రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ఇంజిన్‌ఎక్స్, అపాచీలు మామూలుగా రాసే కంబైన్డ్ ఫార్మాట్‌ను ఖాళీల దగ్గర విడగొడితే మొదటి ఫీల్డ్ ఐపీ అడ్రస్, ఏడోది అడిగిన పేజీ, తొమ్మిదోది స్టేటస్ కోడ్, పదోది పంపిన బైట్లు. తొమ్మిదో ఫీల్డ్ వారీగా లెక్కపెట్టే ఒక్క లైన్ ఆక్‌తో, నిన్న ఎన్ని 200లు, ఎన్ని 404లు, ఎన్ని 502లు వచ్చాయో టీ చల్లారేలోగా తెలిసిపోతుంది. ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చూస్తే స్టేటస్ కోడ్ ఉండాల్సిన చోట అక్కడక్కడా కోట్స్ మధ్య ఉన్న ఒంటరి గీతలు కనిపిస్తాయి. అవి ఎక్కడివంటే, ఇంటర్నెట్‌లో తిరిగే స్కానర్లు మామూలు వెబ్ పోర్టుకు ఎన్‌క్రిప్టెడ్ పలకరింపు పంపినప్పుడు సర్వర్ దాన్ని అడిగిన పేజీ స్థానంలో అర్థం కాని బైట్లుగా రాస్తుంది. అందులో మామూలుగా ఉండే ఖాళీలు లేకపోవడంతో 400 అనే కోడ్ తొమ్మిదో ఫీల్డ్ నుంచి ఏడో ఫీల్డ్‌కు జరిగిపోతుంది. ఆక్ దీని గురించి ఒక్క మాట కూడా అనదు. ఖాళీల దగ్గర కాకుండా డబుల్ కోట్స్ గుర్తు దగ్గర లైన్‌ను విడగొట్టి, మూడో ముక్కలోని మొదటి మాటను తీసుకుంటే కోడ్ దాదాపు ఎప్పుడూ సరిగ్గా వస్తుంది. ఈ చిట్కాను నేను ఎక్కడో చదివి నేర్చుకోలేదు, తప్పుడు నివేదిక ఒకటి పైవాళ్లకు పంపి, మాట పడి నేర్చుకున్నాను.

తెలుగు రాసేవారికి సంబంధించిన సంగతి మరొకటి ఉంది. ‘తెలుగు’ అనే మాట పొడవు ఎంత అని అడిగితే మనం మూడక్షరాలంటాం. లినక్స్‌లో విరివిగా వాడే జీఆక్ అనే ఆక్ రకం యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాష, అక్షరాల సెట్టింగులో) ఆరు అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతానికి మరో సంకేతం. డెబియన్, ఉబుంటులలో డిఫాల్ట్‌గా ఉండే మాక్ అనే మరో ఆక్ రకం 18 అంటుంది, అది బైట్లను లెక్కపెడుతుంది, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. పైథాన్ 3 ఆరు అంటుంది, ప్రత్యేకంగా చెప్పకపోతే పెర్ల్ కూడా 18 అనే అంటుంది. మూడు అని ఏదీ అనదు. తెలుగు పేర్లున్న జాబితాను నిలువు వరుసల్లో సర్ది ముద్రించే స్క్రిప్టు ఒక సర్వర్‌లో ఒక తీరుగా, మరో సర్వర్‌లో ఇంకో తీరుగా వంకరపోతే కారణం ఇదే కావచ్చు. వేగంలో మాత్రం మాక్ జీఆక్ కంటే ముందుంటుంది, కాబట్టి పూర్తిగా ఇంగ్లిష్ అక్షరాలున్న పెద్ద లాగ్‌లకు అదే మేలు. అలాంటి లాగ్‌లను సార్ట్ చేసే ముందు లొకేల్‌ను సీకి మార్చడం కూడా అలవాటు చేసుకోదగినదే, పెద్ద ఫైళ్ల మీద తేడా గడియారంలో కనిపిస్తుంది.

సెడ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒక లైన్‌లో ఒక మాటను మరో మాటగా మార్చడానికి అది చాలు. అంతకు మించి, దాని హోల్డ్ స్పేస్ అనే తాత్కాలిక నిల్వతో గారడీ చేసే స్క్రిప్టులు ఎవరైనా చూపిస్తే మెచ్చుకుని, ఆక్‌లో తిరిగి రాయమని అడగండి.

పెర్ల్ విషయంలో నా అభిప్రాయం చాలామంది సహోద్యోగులకు నచ్చదు. 1987 డిసెంబర్‌లో లారీ వాల్ మొదటి వెర్షన్‌ను విడుదల చేసినప్పుడు ఉద్దేశం స్పష్టంగా ఉంది: షెల్, సెడ్, ఆక్ మూడూ కలిసి చేసే పనిని ఒకే భాషలో చేయడం. ఆ పనిని అది ఇప్పటికీ అద్భుతంగా చేస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో మిగిలిన భాషలు అనుసరించిన బాట పెర్ల్ వేసినదే. వందల సెట్టింగుల ఫైళ్లలో ఒక మార్పును, మార్చే ముందు కాపీ ఉంచుకుంటూ, ఒకే లైన్‌తో చేయాలంటే నేను నేటికీ పెర్ల్‌నే పిలుస్తాను. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఆ లైన్ ఒకే తీరుగా నడుస్తుంది, సెడ్‌కు ఆ సుఖం లేదు. దీని అసలు గొప్పతనం ఓర్పు. తొంభైల చివర్లో ఎవరో రాసిపెట్టిన పెర్ల్ 5 స్క్రిప్టును కొత్త సర్వర్ మీద పెడితే నూటికి తొంభై సార్లు అలాగే నడుస్తుంది. 2017లో వచ్చిన 5.26 నుంచి భద్రత కోసమని, స్క్రిప్టు నడుస్తున్న డైరెక్టరీని మాడ్యూళ్లు వెతికే జాబితా నుంచి తీసేయడం వంటి మార్పులు కొన్ని ఇబ్బంది పెట్టాయి, కానీ వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డెబియన్‌లో కనీస పెర్ల్ లేకుండా ప్యాకేజీ వ్యవస్థే నడవదు కాబట్టి అది ఎప్పుడూ చేతికందే ఉంటుంది. చిన్న కంటైనర్లలో, 2003లో పెర్ల్‌ను బేస్ నుంచి తొలగించిన ఫ్రీబీఎస్డీలో మాత్రం ఆ భరోసా లేదు.

అయినా కొత్త స్క్రిప్టును పెర్ల్‌లో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పడం మానేశాను. కారణం భాషలో లేదు, ఆఫీసులో ఉంది. మా జట్టులో ఇప్పుడు పెర్ల్ చదవగలిగేవాళ్లం ఇద్దరమే మిగిలాం. కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు పైథాన్ వచ్చు, పెర్ల్ పేరు వినివుంటారంతే. డాలర్, అట్, పర్సెంట్ గుర్తుల తేడా నేర్పించడానికి పట్టే సమయం, ఆ స్క్రిప్టు ఆదా చేసే సమయాన్ని మించిపోతుంది. మొదట్లో చెప్పిన రాత్రి రెండింటి పరీక్షలో పెర్ల్ ఓడిపోయేది ఇక్కడే.

పైథాన్ ఆ పరీక్షలో సులువుగా గెలుస్తుంది. కొత్తవారు కూడా చదవగలరు, తప్పు జరిగితే ఏ ఫైలులో ఏ లైన్‌లో జరిగిందో చెప్పి ఆగిపోతుంది, ఖాళీ వేరియబుల్‌ను చూసి హోమ్ డైరెక్టరీకి పరుగెత్తదు. జేసన్, సీఎస్‌వీ అనే డేటా ఫార్మాట్లు, తేదీలు, కమాండ్ లైన్ ఆప్షన్లు, లాగింగ్, ఫైల్ దారులు, అన్నీ దానితో పాటే వచ్చే లైబ్రరీలో ఉన్నాయి. రెండు జాబితాలను పోల్చి మూడోది తయారుచేయాలన్నా, ఒక ఏపీఐ నుంచి వచ్చిన జేసన్‌ను విడదీసి లెక్కలు వేయాలన్నా, షెల్‌లో పడే అవస్థను గుర్తుచేసుకుంటే ఇది పండగే. గూగుల్ తన షెల్ శైలి నియమాల్లో వంద లైన్లు దాటిన స్క్రిప్టును మరింత నిర్మాణం ఉన్న భాషలో తిరిగి రాయమంటుంది. నా హద్దు లైన్ల సంఖ్య మీద కాక డేటా రూపం మీద ఉంటుంది, కానీ ఆ మాటలోని ఉద్దేశం సరైనదే.

పైథాన్‌తో తలనొప్పి అంతా వెర్షన్లతో. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1న ఆగిపోయింది, కానీ ఆ భాషలో రాసిన స్క్రిప్టులు దానికి చాలా ముందే మూడుకు మార్చాల్సి ఉండగా చాలామంది మార్చలేదు. సెంట్‌ఓఎస్ 7లో యమ్ ప్యాకేజీ మేనేజరే పైథాన్ 2.7 మీద నడిచేది. కొత్త పైథాన్ కావాలని సిస్టమ్ లింకును మూడు వైపు తిప్పి, ఆ వెంటనే యమ్ చచ్చిపోయిందని గోలపెట్టినవారిని నేను కనీసం నలుగురిని చూశాను. మూడు లోపల కూడా చిక్కులున్నాయి. కమాండ్ అవుట్‌పుట్‌ను పట్టుకోవడానికి అందరూ రాసే క్యాప్చర్ అవుట్‌పుట్ అనే ఆప్షన్ 3.7లో వచ్చింది, రెడ్ హ్యాట్ 8లో సిస్టమ్ పైథాన్ 3.6. నా ల్యాప్‌టాప్‌లో నడిచిన స్క్రిప్టు అక్కడ మొదటి పిలుపులోనే పడిపోయింది. ఎదురు దిక్కులో, పాస్‌వర్డ్ హ్యాష్‌ల కోసం అడ్మిన్లు వాడుకునే క్రిప్ట్ మాడ్యూల్‌ను 3.13లో పూర్తిగా తీసేశారు. పెర్ల్ ఓర్పును ఇందుకే ఇందాక పొగిడాను.

అందువల్ల పైథాన్‌ను సర్వర్ పనికి వాడేవారు ఒక నియమం పెట్టుకోవడం మంచిది: మీ దగ్గరున్న అతి పాత మెషీన్‌లోని వెర్షన్‌కు సరిపడేలా రాయడం, బయటి ప్యాకేజీలు ఏవీ లేకుండా దానితో వచ్చే లైబ్రరీతోనే సరిపెట్టుకోవడం. బయటి ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఒక్క ప్యాకేజీ కావాలన్నా, ఆ స్క్రిప్టు ఇక స్క్రిప్టు కాదు, ప్రతి సర్వర్‌లో విడిగా ఎన్విరాన్‌మెంట్ కట్టి కాపలా కాయాల్సిన అప్లికేషన్. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ప్యాకేజీలు వేయబోతే అడ్డుకుంటుంది. చాలామంది విసుక్కుంటారు గానీ, నాకు ఆ అడ్డు సమంజసంగానే తోచింది.

జేసన్ నుంచి ఒకటి రెండు విలువలు తీసుకోవడానికి మాత్రమే పైథాన్ తెరవడం దండగ; జేక్యూ అనే చిన్న ప్రోగ్రాం ఆ పనిని పైపు మధ్యలోనే చేస్తుంది. గ్రెప్‌తోనో కట్‌తోనో జేసన్‌ను కోసేవారికి ఇది తప్పనిసరిగా చూపించాలి. ఒకే పనిని యాభై మెషీన్లలో చేయాల్సి వచ్చినప్పుడు లూప్‌లో ఎస్ఎస్‌హెచ్ నడపడం కంటే ఆన్సిబుల్ అనే పనిముట్టు మేలు, అయితే దాని మాడ్యూళ్లలో ఎక్కువ భాగం అవతలి మెషీన్‌లో కూడా పైథాన్ ఉండాలంటాయి, కాబట్టి వెర్షన్ల గొడవ అక్కడా వెంటే వస్తుంది.

నా ఎంపిక ఇప్పుడు ఎలా సాగుతుందో మా లాగ్ తుడిచే స్క్రిప్టుతోనే చూపిస్తాను. ఆ ఆదివారం తర్వాత దాన్ని పైథాన్‌లో తిరిగి రాయాలని జట్టులో ఒకరు పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. అది కమాండ్లను వరుసగా నడిపే పని, అందులో విడదీయాల్సిన డేటా ఏమీ లేదు. ఇప్పటికీ అది షెల్‌లోనే ఉంది. మొదటి లైన్‌లో బ్యాష్ పేరు పోయి మామూలు షెల్ పేరు వచ్చింది, రెండో లైన్‌లో సెట్ మైనస్ ఈయూ (విలువ లేని వేరియబుల్ వాడినా, కమాండ్ విఫలమైనా ఆపేది) చేరింది, సీడీ లైన్ పూర్తిగా మాయమైంది. తుడవాల్సిన డైరెక్టరీ పేరును ఇప్పుడు ఫైండ్‌కే నేరుగా ఇస్తున్నాము, ఆ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం ఉన్నాయి. షెల్‌చెక్ దాన్ని చదివి ఏమీ అనదు. వారంలో ఏ సర్వర్‌లో ఎంత చోటు ఖాళీ అయిందో జాబితా కట్టి మెయిల్ పంపే భాగం మాత్రం లెక్కలతో ముడిపడింది కాబట్టి దాన్ని విడదీసి నలభై లైన్ల పైథాన్‌గా రాశాము, 3.6లో నడిచేలా. మధ్యలో ఆక్ లైన్ ఒకటి మిగిలింది, దాని పక్కన ఏ ఫీల్డ్ ఏమిటో చెప్పే వ్యాఖ్య తెలుగులో ఉంది.